లైను తిరిగిచ్చినాయన

ఆయన పోయాడన్న సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వాన ముంచెత్తినా, గోడ కూలినా, గ్యాసు లీకైనా కరెంటువాళ్ళు, ఫైరువాళ్ళు, పోలీసులు, వార్డు ఆఫీసులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని మా కంట్రోల్ రూము పెట్టిన గ్రూపు అది. ఎవరో ఆయన పాత ఫొటో పెట్టి, పొద్దున్నే గుండె ఆగిపోయిందని రాశారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో ఒక మహానుభావుడు అలవాటు కొద్దీ బొటనవేలు ఎత్తి చూపించే బొమ్మ పెట్టాడు. ఏడవాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఆ బొటనవేలంటే ఆయనకు ఒళ్ళు మంట. "బొటనేలు చూపిస్తే నీళ్ళు తగ్గతాయా పాపా? ఫోన్ చేసి అడుగు, ఎవురు పోయినారు, యాడుండారు" అని నన్ను ఎన్నిసార్లు కసిరాడో.

పేరు రాయను. ఆయనకు ఇష్టముండదని కాదు, మా ఆఫీసువాళ్ళు చదువుతారని. నా ధైర్యం అంతవరకే. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది.

నేను ఒంగోలు పక్కనుంచి వచ్చి, బెంగళూరు మడివాళలో ఒక లేడీస్ పీజీలో ముగ్గురితో గది పంచుకుంటూ ఈ ఉద్యోగంలో చేరాను. కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ. వచ్చిన ప్రతి ఫోనూ కంప్యూటర్లో ఎక్కించడమే పని. మొదటిరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, చిత్రాన్నం డబ్బా మూత తీసి నా ముందు పెట్టి, "యా ఊరు పాపా మీది?" అన్నాడు. చెప్పాను.

"ఒంగోలా! అయితే మీది రేడియో తెలుగు. మాది ఇంటి తెలుగు. మా తాత ముత్తాతల నుంచి యలహంకలోనే ఉండాము. అయినా మీది యా ఊరని ఇంగా అడగతానే ఉండారు జనాలు" అని పకపకా నవ్వాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఉండాము, ఉండారు అని మాట్లాడే మనిషి నా తెలుగుకు పేర్లు పెట్టడమా అనుకున్నాను. కానీ చిత్రాన్నం మాత్రం తిన్నాను. బాగుంది.

ఆయన అసలు కరెంటు శాఖ మనిషి. సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా ఏళ్ళ తరబడి చేసి, డెప్యుటేషన్ మీద కంట్రోల్ రూముకు వచ్చి, షిఫ్ట్ ఇన్‌చార్జిగా స్థిరపడ్డాడు. పొట్టి మనిషి, పెద్ద పొట్ట, బల్ల మీద మూడు ఫోన్లు. వార్డు ఆఫీసుతో కన్నడం, ఒక ఫైరు ఆఫీసరుతో తమిళం, వరదల్లో పడవలిచ్చే ఓనరుతో ఉర్దూ. ఏ భాషలో మాట్లాడినా తిట్టడం మాత్రం తెలుగులోనే. అవతలివాళ్ళకు అర్థం కాదని ఆయన ధీమా. అందరికీ అర్థమయ్యేది. ఇది బెంగళూరు.

మామూలు ఫోనైతే కూర్చుని మాట్లాడేవాడు. లోపల మనుషులు చిక్కుకున్నారని తెలిస్తే మాత్రం గుళ్ళోకి వెళ్ళేటప్పటిలా చెప్పులు విప్పి, లేచి నిలబడేవాడు. ఎందుకు సార్ అని అడిగితే, "కూర్చోని మాట్లాడితే ఒళ్ళు బరువెక్కుతాది పాపా. వాళ్ళు నీళ్ళలో నిలబడి ఉండారు, మనం కనీసం నేల మీద నిలబడలేమా?" అన్నాడు.

'పంపించాము' అన్న మాట ఆయన దగ్గర చెల్లేది కాదు. పంపించినామంటే రాలేదని అర్థం అనేవాడు. ఒకసారి నీళ్ళు తోడే బండి తాలూకు డ్రైవరు దారిలో ఉన్నానని బొంకాడు.

"దారిలో ఉండావు సరే. ముందర ఏమి కనిపిస్తాంది నీకు?"

"బేకరీ సార్."

"బేకరీ పేరు చదువు."

అవతల పళ్ళెం కింద పెట్టిన చప్పుడు. "తినేసి బయల్దేరప్పా, గొంతులో అడ్డం పడతాది" అని ఫోన్ పెట్టేశాడు. డ్రైవరు పది నిమిషాల్లో అక్కడున్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులకు అదే డ్రైవరు కూతురు పరీక్ష ఎలా రాసిందో కనుక్కోవడానికి ఈయనే ఫోన్ చేశాడు. మనిషి తెలిస్తేనే ఎవడైనా ఫోన్ ఎత్తుతాడని ఆయన నమ్మకం.

ఎవరో కంపెనీవాళ్ళు వచ్చి గోడంత తెర మీద ఊరి మ్యాపు చూపించారు. ఏ శాఖ బండి ఎక్కడుందో రంగురంగుల చుక్కలు. అందరూ ఆహా ఓహో అన్నారు. ఆయన తెర దగ్గరికెళ్ళి ఒక చుక్క మీద వేలు పెట్టి, "ఈ పచ్చ చుక్క పేరేమప్పా?" అని అడిగాడు. కంపెనీ కుర్రవాడొకడు బండి నంబరు చెప్పాడు. "బండిది కాదు. దాంట్లో కూర్చున్నోడిది." ఆ కుర్రవాడు మళ్ళీ బండి నంబరే చెప్పాడు. మా పై అధికారి ముఖం ఎర్రబడింది.

సబ్‌స్టేషన్ నుంచి ఆయన వెంట తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. తీగ మీద పని చేయాల్సినవాడు తన పేరు చెప్పి లైను తీసుకుంటాడు. అంటే కరెంటు ఆపించుకుంటాడు. పని అయ్యాక మళ్ళీ వాడే, తన మనుషులందరూ బయటికొచ్చారని చూసుకుని, లైను తిరిగిస్తున్నానని చెప్పాలి. అప్పటిదాకా మంత్రి ఫోన్ చేసినా స్విచ్ వేయకూడదు. ఈ పద్ధతిని ఆయన అన్ని శాఖలకూ అంటించాడు. ఎక్కడ ప్రమాదం జరిగినా ఒక్కో శాఖ నుంచి ఒక్కో మనిషి పేరు బోర్డు మీద రాసేవాడు. పక్కన వాళ్ళవాళ్ళు ఎంతమంది లోపలికి వెళ్ళారో రాసేవాడు. అందరి కోసం లైను తన పేరు మీద తీసుకునేవాడు. ఒక్కొక్కరే ఫోన్లో మావాళ్ళు వచ్చేశారని చెబితే ఆ పేరు తుడిచేవాడు. బోర్డు ఖాళీ అయ్యాకే లైను తిరిగిచ్చేవాడు.

ఒకసారి మడివాళ మార్కెట్లో ఒక గోదాముకు నిప్పంటుకుంది. గంటలో ఆరిపోయింది. బోర్డు మీద ఒక్క పేరు మిగిలింది, ఒక ఫైరు మనిషిది. ఫోను ఎత్తడం లేదు. మార్కెట్ అంతా చీకటిగా ఉందని పెద్దమనుషుల ఫోన్లు. ఫైరు ఆఫీసరు "నిప్పారిందని నేను చెబుతున్నా కదా" అంటాడు. ఈయన "నిప్పు ఆరింది సరే, నీ మనిషి యాడ?" అంటాడు. మా పై అధికారి క్యాబిన్ నుంచి బయటికొచ్చి కేకలేశాడు. ఈయన చెప్పుల్లేకుండా నిలబడి, తల కూడా తిప్పలేదు. ముప్పావు గంట తర్వాత తేలింది, ఆ ఫైరు మనిషి సందు చివర టీ తాగుతూ ఎవరితోనో ముచ్చట్లలో పడ్డాడని. రూమంతా గొల్లున నవ్వింది. నేను కూడా. ఆయన నవ్వలేదు.

"టీ తాగతావుండాడంటే బతికుండాడనే కదా. నవ్వేదేముంది?" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన తెలుగును మనసులో కూడా వెక్కిరించలేదు.

ఆ మరుసటి ఏడు వానల్లో, బెళ్ళందూరు వైపు ఒక అపార్టుమెంటు సెల్లారులో నీళ్ళు నిండాయి. రెండంతస్తుల సెల్లారు. పొద్దున పదింటికి ఆయన తన పేరు మీద లైను తీసుకున్నాడు. ఫైరువాళ్ళు పంపులు పెట్టారు. వార్డు ఆఫీసు కాలవ పనివాళ్ళను పంపింది, మేస్త్రీతో కలిపి ఆరుగురు. పోలీసులు గేటు దగ్గర నిలబడ్డారు. మధ్యాహ్నం మూడు దాటేసరికి నీళ్ళు మోకాలి లోతుకు దిగాయి.

అప్పుడు తొమ్మిదో అంతస్తు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక పెద్దావిడ ఆక్సిజన్ మిషన్ మీద ఉంది. బ్యాటరీ అయిపోవస్తోంది, జనరేటరు నీళ్ళలో మునిగింది, పిలిచిన అంబులెన్సు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కుపోయింది. కూతురు ఫోన్లో ఏడుస్తోంది. ఆయన ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. ఫైరువాళ్ళు నలుగురూ బయటే ఉన్నామన్నారు. పోలీసులు అసలు లోపలికే వెళ్ళలేదన్నారు. లైన్‌మన్ తానూ హెల్పరూ గేటు అవతల ఉన్నామన్నాడు. చివరికి మేస్త్రీ.

"ఎంతమందప్పా మీరు?"

"ఆరుగురు సామీ."

"ఆరుగురూ బయట ఉండారా? సుమ్నే నోటికొచ్చింది చెప్పొద్దు. తల తిప్పి ఎంచు."

మేస్త్రీ ఫోన్లోనే ఎంచాడు. ఒకటి నుంచి ఆరు దాకా నాకు కూడా వినిపించింది. ఆయన మేస్త్రీని ఇంకోసారి ఎంచమన్నాడు. ఇంకోసారీ ఆరే. ఆఖరి పేరు తుడిచి, లైను తిరిగిచ్చాడు.

తొమ్మిదో అంతస్తులో మిషన్ తిరిగింది. కూతురు మళ్ళీ ఫోన్ చేసి, మీ కాళ్ళకు దండం సార్ అంది. ఆయన చెప్పులు వేసుకుని చిత్రాన్నం డబ్బా తెరిచాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు పోలీసు ఫోను వచ్చింది. కింది సెల్లారు మూలలో ఒక మనిషి. కరెంటు కొట్టి పోయాడు.

మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. అతని హాజరు పట్టీలో ఆరుగురే. పంపులకు ప్లాస్టిక్ కవర్లు అడ్డం పడుతుంటే తీయడానికి ఒక మనిషి కావాలని, పొద్దున మడివాళ కూలీల అడ్డా నుంచి ఒకతన్ని ఆటోలో ఎక్కించుకొచ్చాడు. పట్టీలో లేనివాణ్ని ఎంచే అలవాటు అతనికి లేదు. ఈ ఊళ్ళో ఎవరికీ లేదు. ప్రతి శాఖా తన మనుషుల్ని తాను ఎంచుకుంది, అందరి లెక్కలూ సరిపోయాయి.

ఆయన నోట్లో ముద్ద బయటికి ఉమ్మి, లేచి, చెప్పులు మళ్ళీ విప్పాడు. "పేరేమి?" అని అడిగాడు. మేస్త్రీకి కూడా తెలియదు. పొద్దున తొందరలో అడగలేదట.

సాయంత్రంలోగా అన్ని శాఖల జవాబులూ వచ్చేశాయి. అంత చురుగ్గా జవాబులు రావడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఫైరువాళ్ళు మా మనిషి కాదన్నారు. వార్డు ఆఫీసు పట్టీలో లేడంది. అపార్టుమెంటు సంఘం మేము పిలవలేదంది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వేశారు, సెల్లారులోకి చొరబడిన గుర్తు తెలియని వ్యక్తి మృతి అని.

మూడు రోజులు పొద్దున్నే ఆయన మడివాళ అడ్డాకు వెళ్ళాడు. మూడో రోజు నేనూ వెళ్ళాను, మా పీజీకి అది రెండు వీధులే. పోలీసుల దగ్గర తీసుకున్న ఫొటో ఆయన జేబులో ఉంది. కూలీలు పని దొరికిందనుకుని మూగేవాళ్ళు, ఫొటో చూసి తప్పుకునేవాళ్ళు. చివరికి ఒక ముసలామె కళ్ళు చికిలించి చూసి, "మారెప్ప కదప్పా ఇది! గౌరిబిదనూరు పక్కోడు" అంది. ఇల్లు కూడా ఆమే చెప్పింది.

బెళ్ళందూరు వెనక రేకుల షెడ్లు. మారెప్ప భార్య రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఆసుపత్రులన్నీ తిరిగి, ముందురోజు సాయంత్రమే శవాన్ని గుర్తుపట్టి వచ్చిందట.

"దొంగతనానికి పోయినాడంట సామీ" అంది. "కింద బ్యాటరీలు ఎత్తుకోను పోయినాడంటావుండారు అందురూ. మా ఆయప్ప ఒగరి సొమ్ము ముట్టినోడు కాదు. ఎవురు పంపిచ్చినారు సామీ ఆయప్పని లోపలికి?"

నేను నేల చూశాను. ఆయన చెప్పులు విప్పాడు.

"నేను పంపిచ్చినా తల్లీ. లోపల ఉండాడని తెలీక కరెంటు ఇడిసిందీ నేనే."

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. "అయితే ఆ మాట కాగితంలో రాయి సామీ. పనికి పోయినాడని రాయి. నా బిడ్డలు రేపు తలెత్తుకోని బడికి పోవల్ల" అంది.

"రాస్తా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉండబట్టలేక అడిగేశాను. "అదేంటి సార్, మీరు పంపలేదు కదా?"

"నా పేరు మీద లైను తీసుకున్నాక లోపలుండే పతి మనిషీ నా మనిషే పాపా. నేను శాఖల్ని ఎంచినాను. మనుషుల్ని ఎంచలే." అని కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి బస్సులో అలా వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకేం చేయాలో తోచలేదు. మంచినీళ్ళ సీసా ఇచ్చాను, తాగలేదు.

రాశాడు. ప్రమాదం మీద తుది నివేదిక అని ఒకటుంటుంది. ఆ రోజు షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకం పెడితేనే ఫైలు మూతపడుతుంది. చనిపోయిన మనిషి ఏ శాఖకు చెందినవాడన్న గడిలో ఆయన 'కంట్రోల్ రూము పని మీద వచ్చినవాడు' అని రాశాడు. పేరు మారెప్ప అని రాశాడు. అందరూ బయటికొచ్చారని సరిగా చూసుకోకుండా లైను తిరిగిచ్చింది తానేనని కూడా రాశాడు.

పై అధికారి నన్ను క్యాబిన్‌లోకి పిలిచాడు. నెమ్మదస్తుడే, చెడ్డవాడు కాదు. ఇది పైకి వెళితే రేపటి నుంచి ఏ శాఖా మన ఫోన్ ఎత్తదని, ఆయన బాధలో ఉన్నాడని, నువ్వు కాస్త సరిచేసి టైపు చెయ్యమని కన్నడంలో చెప్పాడు. సరిచేయడమంటే ఏమిటో కూడా చెప్పాడు. అనుమతి లేకుండా ప్రవేశించిన బయటి వ్యక్తి. శాఖ గడిలో 'వర్తించదు'. నేను టైపు చేశాను. రెండు నిమిషాల పని.

ఆయన ఆ కాగితం చదివి నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. "నీ పని నువ్వు చేసినావులే" అని, కాగితం నా బల్ల మీదే పెట్టి, "సంతకం మాత్రం పెట్టను. సంతకం పడేదాకా అది ఉత్త కాగితమే పాపా. ఆయమ్మకు మాటిచ్చినాను" అన్నాడు.

పెట్టలేదు. ఆ తర్వాత నెలనెలా జరిగే సమావేశంలో అన్ని శాఖలవాళ్ళ ముందరా లేచి నిలబడేవాడు. రెండే మాటలు. ఎక్కడ ప్రమాదం జరిగినా గేటు దగ్గర ఒకటే పట్టీ ఉండాలి, శాఖ ఏదైనా లోపలికి అడుగుపెట్టే ప్రతి తలా అందులో ఎక్కాలి. రెండోది మారెప్ప పేరు. మొదట్లో తలలూపారు. పట్టీ ఎవరు పట్టుకోవాలన్న దగ్గర ఆగిపోయింది. పోలీసులు ఫైరువాళ్ళ పనన్నారు, ఫైరువాళ్ళు వార్డు పనన్నారు, వార్డువాళ్ళు మా దగ్గర మనుషులే లేరన్నారు. ఉపసంఘం వేశారు. అది ఒక్కసారి కూడా కూర్చోలేదు. తర్వాత్తర్వాత ఆయన కుర్చీ వెనక్కి జరిపితే చాలు, అందరూ ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఒకడు టీ వేళ ఆయన గొంతును అచ్చం అలాగే అనుకరించి నవ్వించేవాడు. సమావేశం వివరాలు రాసేది నేనే. ఆయన మాట్లాడినదంతా నేను ప్రతిసారీ ఒకే ముక్కలో రాసేదాన్ని: ఇతర విషయాలు చర్చించబడినవి.

ఫోన్లలో కూడా మారిపోయాడు. ఎవరు తమ లెక్క చెప్పినా, "పట్టీలో లేనోడు ఎవుడన్నా ఉండాడా?" అని అడిగేవాడు. అవతలివాళ్ళు విసుక్కునేవాళ్ళు. ఉన్నారని ఒక్కరంటే ఒక్కరు ఎప్పుడూ చెప్పలేదు. ఆఖరికి ఆయన వల్ల ఆలస్యమవుతోందని ఫిర్యాదులొచ్చి, ఆయన్ను తాళ్ళు, టార్చిలైట్లు ఉండే స్టోరు గదికి మార్చారు. ఆ ఇన్‌చార్జి కుర్చీ, కాంట్రాక్టు మీదే, నాకిచ్చారు. నెలకోసారి ఫైలు స్టోరుకు వెళ్ళి సంతకం లేకుండా తిరిగొచ్చేది. ఆయనకు పదవీ విరమణ ఇంకా ఆరు నెలలుందనగా పోయాడు.

యలహంకలో వాళ్ళింటికి వెళ్ళాను. శాఖల నుంచి వచ్చినవాళ్ళు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక మూల మారెప్ప భార్య, ఇద్దరు పిల్లలతో నిలబడి ఉంది. ఆయన ప్రతి పండక్కీ వెళ్ళి వాళ్ళను చూసి వచ్చేవాడని అప్పుడే తెలిసింది. ఆమె నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"అమ్మా, సామి రాస్తానన్యాడు. రాసినాడా?"

"రాశాడు" అన్నాను. రాసిన మాట నిజమే. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేకపోయాను.

ఆయన పదకొండో రోజు కూడా కాకముందే ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పై అధికారి స్వయంగా తెచ్చాడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాళ్ళు పెట్టొచ్చట. నీ కాంట్రాక్టు వచ్చే నెల రెన్యువల్‌కు ఉంది కదా అని, అది వేరే సంగతి అయినట్టే అన్నాడు. ఫైలు తెరిచి చూశాను. ఆయన చేత్తో రాసిన మొదటి కాగితం అందులో లేదు. ఏమైందని అడగొచ్చు, అడగలేదు. పెట్టనని చెప్పొచ్చు. చెప్పడానికే నోరు తెరిచాను. పెన్నుందా సార్ అని నా నోట్లోంచి వచ్చింది. భయమేసింది, అంతే. ఇంకో కారణం వెతుక్కున్నాను గానీ దొరకలేదు.

నేను టైపు చేసిన కాగితమే అది. అడుగున ఆయన పేరూ హోదా అచ్చై ఉన్నాయి. మళ్ళీ ప్రింటు తీయడమెందుకు, పక్కన 'ఫర్' అని రాసి పెట్టెయ్ అన్నాడు పై అధికారి. ఆయన తరఫున అని అర్థం. రాశాను. బతికున్నన్నాళ్ళూ ఆయన పెట్టనన్న సంతకం, ఆయన తరఫున నేను పెట్టాను.